గేటు బయటి ఇంటర్న్‌షిప్: రువైస్ తెలుగు విద్యార్థులకు ఉన్న దారులు

విద్యార్థి కొన్ని వారాలో నెలలో ఒక సంస్థలో ఉండి, అక్కడి పనిలో ఒక చిన్న ముక్కను చేతిలోకి తీసుకుని, అనుభవం ఉన్న మనిషి కింద నేర్చుకోవడాన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. ఇందులో మూడు విషయాలున్నాయి: చోటు, పని, పై మనిషి. గత ఇరవై ఏళ్లలో, ముఖ్యంగా 2020 తర్వాత, చోటును తీసేసి మిగతా రెంటినీ నిలబెట్టాలన్న ప్రయత్నాలు చాలా జరిగాయి. వాటిలో కొన్ని బాగా నిలిచాయి. కొన్నింటిలో చోటుతోపాటు పై మనిషి కూడా మాయమయ్యాడు. ఇంకొన్నింటిలో పని కూడా పోయి సర్టిఫికెట్ ఒక్కటే మిగిలింది. వర్చువల్ ఇంటర్న్‌షిప్, మైక్రో ఇంటర్న్‌షిప్, జాబ్ సిమ్యులేషన్, ఓపెన్ సోర్స్ ఫెలోషిప్ అంటూ రకరకాల పేర్లతో కనిపించే వీటిని వేరుచేసి చూడాలంటే, ఈ మూడింటిలో ఏది మిగిలిందో అడగడమే సులువైన పద్ధతి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ వెతుకులాటకు తొందర పెట్టినవి నిబంధనలే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను భాగం చేసింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, చివర్లో ఒక పూర్తి సెమిస్టర్ ఉంటాయి. ఇంజనీరింగ్ విద్యార్థులకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) నియమాలున్నాయి. యూజీసీ లెక్కలో ఇంటర్న్‌షిప్‌కు ఒక క్రెడిట్ అంటే సుమారు 30 గంటల పని. నియమం రాయడం ఒక పూటలో అయిపోతుంది కానీ, అంతమంది విద్యార్థులకు కుర్చీ వేసే కంపెనీలు పుట్టడానికి దశాబ్దాలు పడుతుంది. పరిశ్రమలు హైదరాబాద్, విశాఖపట్నం, శ్రీసిటీ లాంటి కొన్ని చోట్ల గుమిగూడి ఉన్నాయి. డిగ్రీ కాలేజీలు మాత్రం చిన్న చిన్న పట్టణాల దాకా విస్తరించాయి. ఈ ఎడాన్ని పూడ్చడానికే ఉన్నత విద్యామండలి, ఏఐసీటీఈ రెండూ శిక్షణ సంస్థలతో ఒప్పందాలు చేసుకుని ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌లకు తలుపు తెరిచాయి. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఇక్కడ పనికిరాలేదు. మొదలైనప్పుడు అది 21 నుంచి 24 ఏళ్ల వయసువారికి పెద్ద కంపెనీల్లో పన్నెండు నెలలు ఇచ్చే అవకాశం. పూర్తికాలం చదువుకుంటున్నవారికి అప్పుడు అందులో చోటు లేదు.

ఈ చిక్కు ఇంకో రూపంలో కనిపించే ఊరు రువైస్. అబుదాబి నగరానికి పడమర వైపు దాదాపు 240 కిలోమీటర్ల దూరంలో, అల్ ధఫ్రా ప్రాంతంలో, సముద్రపు ఒడ్డున ఉన్న పారిశ్రామిక పట్టణమిది. నివాస పట్టణానికి ఇప్పుడు అధికారికంగా అల్ ధన్నా అని పేరు పెట్టినా జనం నోట రువైసే నిలిచింది. 1980ల మొదట్లో పనిలోకి వచ్చిన, అబుదాబి ప్రభుత్వ చమురు సంస్థ అడ్నాక్ రిఫైనరీ విస్తరిస్తూ వచ్చి, 2015 నాటి పెద్ద విస్తరణ తర్వాత రోజుకు 8 లక్షల పీపాలకు పైగా ముడిచమురు శుద్ధి చేయగల స్థాయికి చేరింది. దాని పక్కనే 1998లో ఏర్పడిన బొరూజ్ పాలిమర్ ప్లాంట్లు, ఎరువుల కర్మాగారం, కొత్తగా లేస్తున్న తాజిజ్ రసాయనాల జోన్ ఉన్నాయి. పడమరగా యాభై కిలోమీటర్లు పోతే బరాకా అణు విద్యుత్ కేంద్రం వస్తుంది. అక్కడి నాలుగు యూనిట్ల మొత్తం సామర్థ్యం 5,600 మెగావాట్లు, చివరిది 2024 సెప్టెంబరులో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. కెమికల్, మెకానికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివే కుర్రవాడికి ఇంతకంటే పెద్ద పాఠశాల ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది.

అయినా ఆ పాఠశాల గేటు అతనికి మూసే ఉంటుంది. కంపెనీ క్వార్టర్స్‌లో ఉండే తెలుగు ఇంజనీర్ల, ఆపరేటర్ల, టెక్నీషియన్ల పిల్లలు అక్కడి ఏషియన్ ఇంటర్నేషనల్ స్కూల్ లాంటి సీబీఎస్ఈ బడుల్లో పన్నెండో తరగతి ముగించి హైదరాబాద్‌కో విజయవాడకో విశాఖకో, స్థోమత ఉంటే బిట్స్ పిలానీ దుబాయ్ క్యాంపస్‌కో చదువుకు వెళ్తారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, సీఐసీపీఏ పాస్ అని అందరూ పిలిచే భద్రతా అనుమతి లేకుండా పారిశ్రామిక ప్రాంతంలో అడుగుపెట్టడం కుదరదు. నాన్న పదిహేనేళ్లుగా ఏ డిస్టిలేషన్ కాలమ్ దగ్గర డ్యూటీ చేస్తున్నాడో ఆ కాలమ్‌ను కూతురు రోడ్డు మీది నుంచే చూడాలి. అక్కడి శిక్షణ అవకాశాల్లో ముందు వరుస ఆ దేశపు విద్యార్థులది. రువైస్‌లో హయ్యర్ కాలేజెస్ ఆఫ్ టెక్నాలజీ క్యాంపస్ ఉన్నది కూడా ప్రధానంగా వారికోసమే. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు, ప్రజాధనంతో నడిచే పరిశ్రమ సొంత పౌరులకు పని నేర్పుకోవడం సహజం. చట్టం మాత్రం పూర్తిగా అడ్డు చెప్పదు. యూఏఈ కార్మిక శాఖ ఇచ్చే పర్మిట్లలో, దేశంలో ఉంటున్న పదిహేనేళ్లు దాటిన విద్యార్థులను శిక్షణకు తీసుకునేందుకు ప్రత్యేకంగా ఒకటి ఉంది. 2022 అక్టోబరు సంస్కరణలతో కొడుకులను 25 ఏళ్ల దాకా తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్‌లో ఉంచుకోవచ్చు. కాబట్టి వీసా చిక్కు మునుపటికంటే తగ్గింది. ఆ పర్మిట్ తీసుకునే ఓపిక ఉన్న కంపెనీ దొరకడమే కష్టం. సబ్ కాంట్రాక్టర్ల దగ్గర, అబుదాబి, దుబాయ్ ఆఫీసుల్లో అప్పుడప్పుడు దొరుకుతుంది. మిగిలినవారికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేసే పనే గతి.

దూరం నుంచి శిక్షణ కోవిడ్‌తో పుట్టిందని చాలామంది అనుకుంటారు. అంతకు పదిహేనేళ్ల ముందే అది ఉంది. 2005లో గూగుల్ మొదలుపెట్టిన సమ్మర్ ఆఫ్ కోడ్‌లో విద్యార్థి ఏ ఊళ్లో ఉన్నా ఒక ఓపెన్ సోర్స్ సంస్థకు వేసవంతా పనిచేసి భత్యం తీసుకునేవాడు. 2009లో అమెరికా విదేశాంగ శాఖ తన పౌరులైన విద్యార్థులకు వారానికి పది గంటల వర్చువల్ సేవా పథకం తెచ్చింది. 2015లో షికాగోలో పార్కర్ డ్యూయీ అనే సంస్థ పది నుంచి నలభై గంటల్లో తేలే చిన్న పనులను డబ్బిచ్చి విద్యార్థులకు అప్పగించే మైక్రో ఇంటర్న్‌షిప్‌లు మొదలుపెట్టింది. 2017లో ఆస్ట్రేలియాలో ఇన్‌సైడ్‌షెర్పా పేరుతో మొదలై తర్వాత ఫోరేజ్‌గా పేరు మార్చుకున్న సంస్థ, పెద్ద కంపెనీల పనిని నమూనాగా చేసి చూపే ఉచిత కోర్సులు పెట్టింది. 2020 మార్చిలో ఆఫీసులు మూతపడ్డాక జరిగింది వేరు: అప్పటిదాకా అంచుల్లో ఉన్న పద్ధతి ఒక్క వేసవిలో మధ్యకు వచ్చింది. 1973 నుంచి ప్రాక్టీస్ స్కూల్ పేరుతో విద్యార్థులను కర్మాగారాలకు పంపుతున్న బిట్స్ పిలానీ కూడా ఆ ఏడాది ఆన్‌లైన్‌కు మళ్లింది. కోవిడ్ తగ్గాక కంపెనీలు తిరిగి ఆఫీసు తలుపులు తెరిచాయి కానీ, కాలేజీలు ఆన్‌లైన్ సర్టిఫికెట్‌ను ఒప్పుకోవడం మానలేదు. సీట్ల కొరత తీరలేదు కదా.

ఈ రకాల్లో అన్నిటికంటే తేలికైనది జాబ్ సిమ్యులేషన్. ఒక బ్యాంకో కన్సల్టింగ్ కంపెనీయో తన పనిలోంచి నాలుగైదు అంచెలు తీసి పెడుతుంది. విద్యార్థి ఒక ఈమెయిల్ రాస్తాడు, ఒక పట్టిక సరిచేస్తాడు, చిన్న ప్రోగ్రాం రాస్తాడు. సాధారణంగా ఐదారు గంటల్లో అయిపోతుంది. డబ్బు కట్టక్కర్లేదు. సమాధానం పంపగానే కంపెనీవారి నమూనా సమాధానం తెర మీదకు వస్తుంది, దానితో పోల్చుకోవాలి. పంపినదాన్ని మనిషెవరూ చదవరు. ఆడిట్ ఉద్యోగంలో రోజూ ఏం చేస్తారో తెలియని బీకాం విద్యార్థినికి ఒక సాయంత్రం దీనికి వెచ్చించడం తెలివైన పనే, ఎందుకంటే ఆ ఉద్యోగం తనకు పడుతుందో లేదో తేలుతుంది. అయితే బయోడేటాలో దీన్ని ఇంటర్న్‌షిప్ అని రాసుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

డబ్బిచ్చే మైక్రో ఇంటర్న్‌షిప్‌లో పని నిజమైనది, చేయించుకున్న మనిషి దాన్ని వాడుకుంటాడు. పాత కస్టమర్ల జాబితా శుభ్రం చేయడం, పోటీ కంపెనీల ధరలు సేకరించడం, ఒక నివేదికకు చిత్రాలు గీయడం లాంటివి ఇందులో వస్తాయి. ఈ మార్కెట్ ఎక్కువగా ఉత్తర అమెరికాలోనే ఉంది. భారతీయ విద్యార్థులకు దీనికి దగ్గరగా ఉన్నది 2010లో మొదలైన ఇంటర్న్‌శాల లాంటి పోర్టళ్లలో కనిపించే వర్క్ ఫ్రమ్ హోమ్ ప్రకటనలు. వాటిలో కంటెంట్ రాయడం, సోషల్ మీడియా నడపడం, వెబ్‌సైట్లు కట్టడం ఎక్కువ. కెమికల్ ఇంజనీరింగ్ పనులు అరుదు. రువైస్ వాసికి ఇక్కడే మొదటి నిరాశ ఎదురవుతుంది: దూరపు పనుల బజారంతా కంప్యూటర్, మార్కెటింగ్ విద్యార్థుల కోసమే పెట్టినట్టుంటుంది.

ఓపెన్ సోర్స్ దారి కష్టమైనది, కానీ గట్టిది. సమ్మర్ ఆఫ్ కోడ్‌లో 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, పద్ధెనిమిదేళ్లు నిండిన కొత్తవారెవరైనా చేరవచ్చు. పని పరిమాణాన్ని బట్టి 90, 175, 350 గంటల ప్రాజెక్టులున్నాయి. ఏటా ఎంపికైనవారిలో భారతీయుల వాటా పెద్దది. అవుట్‌రీచీ పథకం సాఫ్ట్‌వేర్ రంగంలో తక్కువగా కనిపించే వర్గాలవారికి మూడు నెలల పనికి 7,000 డాలర్లిస్తుంది. వీటి విలువ భత్యంలో లేదు. రాసిన ప్రతి కోడ్ ముక్కను ఎక్కడో ఉన్న మెంటర్ చదివి, ఇది ఎందుకిలా రాశావని బహిరంగంగా అడుగుతాడు. అవమానంగా అనిపించే ఆ ప్రశ్నలన్నీ, వాటికి ఇచ్చిన జవాబులన్నీ పదేళ్ల తర్వాత కూడా ఎవరైనా చూడగలిగేలా ఇంటర్నెట్‌లో నిలిచిపోతాయి. ఏ సర్టిఫికెట్‌కూ లేని నమ్మకం దీనికి వచ్చింది అందువల్లే. ఇబ్బందల్లా ఎంపికకు రెండు మూడు నెలల ముందు నుంచే ఆ సంస్థ కోడ్‌లో తిరుగుతూ ఉండాల్సి రావడమే. సెలవులిచ్చాక వెతికితే ఆలస్యమైపోయినట్టే.

కర్మాగారం చదువులు చదివేవారికి సరిగ్గా సరిపోయేది, తెలుగు కాలేజీల్లో రావలసినంత పేరు రానిది ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు. కేంద్ర విద్యా శాఖ ఐసీటీ మిషన్ కింద నడిచే ఈ ప్రాజెక్టు ఉద్దేశం, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేని కాలేజీలకు ఉచిత సాఫ్ట్‌వేర్‌ను అలవాటు చేయడం. అందులో ఫ్లోషీటింగ్ ప్రాజెక్టు అని ఒకటుంది. విద్యార్థి ఏదైనా ప్రచురిత రసాయన ప్రక్రియను ఎంచుకుని, డీడబ్ల్యూసిమ్ అనే ఉచిత సిమ్యులేటర్‌లో దాన్ని మొదటి నుంచి కట్టాలి: ముడిసరుకు ఎక్కడ ప్రవేశిస్తుంది, రియాక్టర్‌లో ఉష్ణోగ్రత ఎంత, డిస్టిలేషన్ కాలమ్‌కు ఎన్ని ట్రేలు, ఏ ప్రవాహాన్ని వెనక్కి తిప్పాలి. ఫాసీ బృందం దాన్ని పరీక్షిస్తుంది, లెక్క కుదరకపోతే తిప్పి పంపుతుంది, ఒప్పుకుంటే గౌరవ వేతనమిచ్చి అందరికీ కనిపించేలా ప్రచురిస్తుంది. టెక్స్ట్‌బుక్ కంపానియన్ అనే మరో పనిలో ఒక ప్రామాణిక పాఠ్యగ్రంథంలోని సాధించిన లెక్కలన్నిటికీ సైలాబ్ లాంటి భాషలో కోడ్ రాయాలి. ఎలక్ట్రానిక్స్ వారికి ఈసిమ్, సివిల్ వారికి ఉక్కు కట్టడాల డిజైన్‌కు ఆస్‌డాగ్ ఉన్నాయి. వేసవి ఫెలోషిప్‌లు, సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌లు కూడా ఉన్నాయి. వాటికి ఎంపిక మార్కుల జాబితా చూసి జరగదు, ముందు ఒక పని ఇచ్చి చేయిస్తారు. రిఫైనరీ పక్కనే ఉండి లోపలికి పోలేని విద్యార్థికి, అలాంటి యూనిట్‌ను తెర మీద కట్టి నడిపించే అవకాశమిది. పైగా సందేహం వస్తే అడగడానికి డైనింగ్ టేబుల్ అవతల ఇరవై ఏళ్ల ప్లాంట్ అనుభవం కూర్చుని ఉంటుంది, ఈ వసతి ఏ ఐఐటీ విద్యార్థికీ లేదు.

ఆ వసతికి ఒక హద్దుంది. నాన్న కంపెనీ పైపింగ్ డ్రాయింగులు, లాగ్ షీట్లు, కంట్రోల్ రూమ్ తెర ఫొటోలు విద్యార్థి ప్రాజెక్టులోకి రాకూడదు. కీలక పరిశ్రమల్లో అది ఉద్యోగం పోగొట్టే విషయం, దానితో ఆగకపోవచ్చు కూడా. అవసరం కూడా లేదు. ప్లాంట్ డేటా కావాలంటే టెనసీ ఈస్ట్‌మన్ ప్రక్రియ ఉంది. ఈస్ట్‌మన్ కెమికల్ కంపెనీకి చెందిన డౌన్స్, వోగెల్ 1993లో ఒక నిజమైన ప్లాంటును ఆధారం చేసుకుని, రహస్యాలు బయటపడకుండా మార్చి ప్రచురించిన సిమ్యులేషన్ అది. అందులో 41 కొలతలు, 12 నియంత్రణలు, ముందే పెట్టిన రకరకాల లోపాలు ఉన్నాయి. ఏ లోపం ఎప్పుడు మొదలైందో డేటా చూసి పట్టుకోవడం మీద మూడు దశాబ్దాలుగా పరిశోధన పత్రాలు వస్తూనే ఉన్నాయి. ఇన్‌స్ట్రుమెంటేషన్ విద్యార్థికి ఆరు వారాల పనికి ఇది సరిపోతుంది.

భద్రత మరో మంచి రంగం, దీన్ని దాదాపు ఎవరూ ఇంటర్న్‌షిప్ పనిగా చూడరు. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు తన విచారణ నివేదికలను, యానిమేషన్ వీడియోలను ఉచితంగా పెడుతుంది. 2005 మార్చి 23న టెక్సాస్ సిటీ రిఫైనరీలో 15 మందిని బలిగొన్న పేలుడులో, కాలమ్ నిండిపోతున్నా లెవెల్ మీటర్ తప్పు చూపిందని ఆ నివేదిక అంచెలంచెలుగా వివరిస్తుంది. ఇంటికి దగ్గరగా, 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. నీరభ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలోని అత్యున్నత స్థాయి కమిటీ ఆ ఏడాది జులైలోనే నివేదిక ఇచ్చింది. లాక్‌డౌన్ వేళ ట్యాంకులో సరకు కదలక నిలిచిపోవడం, చల్లబరిచే ఏర్పాటు చాలకపోవడం, పాలిమరీకరణను ఆపే రసాయనం తగినంత లేకపోవడం అందులో నమోదయ్యాయి. ఇలాంటి నివేదికను చేతిలో పెట్టుకుని ఆ ట్యాంకుకు హజాప్ పట్టిక తయారు చేయడం, అంటే ప్రతి పైపుకూ ప్రతి కొలతకూ 'ఎక్కువైతే, తక్కువైతే, అసలు లేకపోతే' అని ప్రశ్నలు వేసుకుంటూ పోవడం, ఒక నెల పని. అది చదివి తప్పులు ఎంచే భద్రతా ఇంజనీర్ ఒకరుంటే చాలు, అదే ఇంటర్న్‌షిప్. రువైస్‌లో అలాంటి ఇంజనీర్లకు కరువు లేదు. ఇలా ఆ ఊరి ప్రవాస అనుభవం గేటు దాటకుండానే కొంత విద్యార్థులకు అందుతుంది.

ప్రభుత్వ సంస్థల ఆధ్వర్యంలో నడిచే వర్చువల్ ఇంటర్న్‌షిప్‌ల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఏఐసీటీఈ, శిక్షణ సంస్థ ఎడ్యుస్కిల్స్ కలిసి నడిపే పది వారాల కార్యక్రమాల్లో క్లౌడ్, నెట్‌వర్క్ భద్రత, ఆండ్రాయిడ్ లాంటి విషయాలుంటాయి. వీటిలో ప్రధానంగా ఉండేది ఆయా కంపెనీల పాఠాలు, వాటి చివర పరీక్షలు. కోర్సుగా చూస్తే బాగానే ఉన్నాయి, ఉచితంగా మంచి పాఠాలు వస్తున్నాయి. పని మాత్రం లేదు. పాఠం చదివి పరీక్ష రాసినదానికి ఇంటర్న్‌షిప్ క్రెడిట్లు ఇవ్వడం వల్ల, కాలేజీ గదిలో జరిగేదే మరోసారి ఇంట్లో జరుగుతుంది.

తెలుగు భాష చుట్టూ పెరిగిన పనులు కొత్త దారి. హైదరాబాద్‌కు చెందిన స్వేచ్ఛ సంస్థ ఆధ్వర్యంలో వేలాది ఇంజనీరింగ్ విద్యార్థులు తెలుగు కథల పుటలను డిజిటల్ పాఠంగా మార్చి, తెలుగు భాషా నమూనాకు డేటా సిద్ధం చేశారు. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పుటలు దిద్దడం, మొజిల్లా కామన్ వాయిస్‌లో తెలుగు గొంతులు చేర్చడం లాంటివీ ఉన్నాయి. గల్ఫ్‌లో పుట్టి పెరిగి తెలుగు మాట్లాడగలిగినా రాయడానికి తడబడే పిల్లలకు ఇందులో రెండింతల లాభం ఉంది. ఒకటే జాగ్రత్త: ఇలాంటి పెద్ద కార్యక్రమాల్లో విద్యార్థుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరి పనిని చూసే చేతులు తగ్గుతాయి. పుట దిద్దడం నేర్పు కావాలంటే, దిద్దినదాన్ని మళ్లీ దిద్దేవారుండాలి.

అడుగున, ఇవేవీ కాని అంగడి ఒకటుంది. విద్యార్థి ఒక గూగుల్ ఫారం నింపుతాడు, ఎంపిక లేకుండానే మర్నాడు ఆఫర్ లెటర్ వస్తుంది. మొదటి షరతు ఆ ఆఫర్ లెటర్‌ను లింక్డ్‌ఇన్‌లో పెట్టి కంపెనీని ట్యాగ్ చేయడం. పని కింద క్యాలిక్యులేటర్, టు-డూ లిస్ట్, లేదంటే టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో ఊహించే ప్రోగ్రాం ఇస్తారు. 1936లో ఫిషర్ వాడిన ఐరిస్ పూల కొలతలు కూడా ఇందులో తప్పవు, పాపం ఆ పూలు ఇంతమంది ఇంటర్న్‌లను చూస్తాయని ఆయన అనుకుని ఉండడు. ఇంటర్నెట్‌లో వేలసార్లు దొరికే జవాబును అతికించి పంపినా ఎవరూ చూడరు. చివర్లో సర్టిఫికెట్ ముద్రణ ఖర్చు అంటూ కొన్ని వందల రూపాయలు అడుగుతారు. మోసం అనిపించుకోనంత చిన్న మొత్తం అది. క్రెడిట్ల కోసం కాలేజీ తొందరపెట్టడం, సీటు దొరకకపోవడం, ఇంట్లో ఇంటర్న్‌షిప్ వచ్చిందా అని అడగడం, ఈ మూడూ కలిసి ఈ అంగడిని పోషిస్తున్నాయి. విద్యార్థి నుంచి డబ్బు అడిగేది, ఎంపిక లేకుండా చేర్చుకునేది, పని ఇవ్వకముందే ప్రచారం కోరేది ఇంటర్న్‌షిప్ కాదని కాలేజీ ప్లేస్‌మెంట్ విభాగం ఒక నోటీసు అంటిస్తే చాలావరకు తగ్గిపోతుంది.

దూరం వల్ల పోయేదేమిటో పరిశోధకులు కొంత కొలిచి చూశారు. హార్వర్డ్‌కు చెందిన బొజినోవ్, చౌధురీ, లేన్ 2020 వేసవిలో ఒక అంతర్జాతీయ సంస్థలో ఇంటి నుంచి పనిచేసిన 1,370 మంది ఇంటర్న్‌ల మీద ప్రయోగం చేశారు. కొందరికి సీనియర్ మేనేజర్లతో ఆన్‌లైన్‌లో ఊరికే మాట్లాడుకునే సమయం ఏర్పాటు చేశారు, మిగతావారికి చేయలేదు. మాట్లాడే అవకాశం దొరికినవారికి పనిలో మెరుగైన రేటింగులు, ఉద్యోగం ఇస్తామన్న పిలుపులు ఎక్కువగా వచ్చాయి. ఇంటర్న్, మేనేజర్ ఇద్దరి నేపథ్యాల్లో పోలిక ఉన్నచోట ఫలితం ఇంకా బలంగా కనిపించింది. అంటే తన ఊరి మనిషి, తన భాష మనిషి పై స్థాయిలో లేని విద్యార్థికి దూరం మరింత దూరమవుతుంది. ఇమాన్యుయేల్, హారింగ్టన్, పాలైస్ అనే ఆర్థికవేత్తలు ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను పరిశీలించి, ఒకే భవనంలో కూర్చున్న బృందాల్లో కొత్తవారి కోడ్‌పై ఎక్కువ వ్యాఖ్యలు వస్తున్నాయని, ఆ మేరకు సీనియర్ల సొంత పని తగ్గుతోందని చూపారు. నేర్పడం ఎవరో ఒకరి సమయాన్ని తింటుంది. ఆ సమయం ఖర్చుపెట్టడానికి సిద్ధంగా లేని సంస్థ ఆఫీసులో ఉన్నా, ఆన్‌లైన్‌లో ఉన్నా ఇంటర్న్‌కు నేర్పేది ఒకటే, అంటే ఏమీ లేదు.

కర్మాగారం విషయంలో ఇంకొక నష్టముంది. పర్మిట్ టు వర్క్ సంతకాలు ఎన్ని చేతులు మారతాయో, షిఫ్ట్ మారేటప్పుడు ఒక ఆపరేటర్ మరొకరికి ఏ మాట చెప్పి వెళ్తాడో, షట్‌డౌన్‌లో నలభై డిగ్రీల ఎండకు ఎక్స్ఛేంజర్ విప్పడం ఎలా ఉంటుందో తెర మీద తెలియదు. కాబట్టి ఇంజనీరింగ్ విద్యార్థికి దూరపు ప్రాజెక్టు ఒక వేసవికి సరిపోతుంది, రెండో వేసవికి సరిపోదు. విశాఖ, హైదరాబాద్ శివార్లలోని ఫార్మా, రసాయనాల యూనిట్లు చిన్నవైనా రువైస్‌లోని పెద్ద ప్లాంట్లకంటే విద్యార్థికి అందుబాటులో ఉంటాయి. సెలవుల్లో కొంత భాగం అక్కడ గడపడం మేలు.

యూఏఈ నుంచి పనిచేసేవారికి కొన్ని ఆచరణ చిక్కులున్నాయి. గడియారం పెద్ద అడ్డంకి కాదు, భారత సమయం గంటన్నర ముందుంటుంది. యూఏఈలో ఉదయం ఎనిమిదింటికి భారత్‌లో తొమ్మిదిన్నర. 2022 జనవరి నుంచి యూఏఈ ప్రభుత్వ వారాంతం శని, ఆదివారాలకు మారాక వారాంతాల తేడా కూడా తగ్గింది. ఫోన్ మాత్రం ఇబ్బంది పెడుతుంది. వాట్సాప్ కాల్స్ యూఏఈలో పనిచేయవు. తెలుగు రాష్ట్రాల్లో చిన్న సంస్థలకు, కాలేజీ గైడ్లకు అన్నీ వాట్సాప్ కాల్‌లోనే మాట్లాడే అలవాటు, కాబట్టి మొదటి రోజే జూమ్, టీమ్స్, గూగుల్ మీట్‌లో కలుద్దామని చెప్పాలి. వీపీఎన్‌తో గట్టెక్కుదామనుకోవడం మంచిది కాదు. నేరం కప్పిపుచ్చడానికి దాన్ని వాడితే 2021 నాటి సైబర్ నేరాల చట్టం కింద జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలవుతుంది. భత్యం వచ్చే పనైతే విద్యార్థి పేరున భారత్‌లో ఉన్న బ్యాంకు ఖాతా సరిగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. అమెరికాలో చదువుతూ సెలవులకు రువైస్ వచ్చినవారు, పని ఎంత చిన్నదైనా, తమ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడిగాకే ఒప్పుకోవాలి, అక్కడ వీసా నిబంధనలు వేరు.

ఇక మిగిలింది కాలేజీ లెక్క. ఇంటర్న్‌షిప్ లాగ్ పుస్తకాలు ఇప్పటికీ ఆఫీసుకు వెళ్లినవారి కోసమే ఉన్నాయి: రోజువారీ హాజరు, సూపర్‌వైజర్ సంతకం, కంపెనీ ముద్ర. దూరపు పనికి ఇవన్నీ కృత్రిమంగా తయారవుతాయి, తేదీలన్నీ ఒకే పెన్నుతో ఒకే సాయంత్రం నింపినట్టు కనిపిస్తాయి. వాటి బదులు పనిలోంచే సహజంగా పుట్టే ఆధారాలు అడగవచ్చు. కోడ్ అయితే మార్పుల చరిత్ర, మెంటర్ వ్యాఖ్యలు. ఫ్లోషీట్ అయితే తిప్పి పంపిన ప్రతులు, చివరిగా ఒప్పుకున్న ప్రతి. హజాప్ అయితే ఇంజనీర్ ఎర్రసిరాతో దిద్దిన పట్టిక. వైవాలో 'ఏం నేర్చుకున్నావు' అని అడిగితే కంఠస్థం చేసిన జవాబు వస్తుంది. 'నీ మొదటి ప్రయత్నాన్ని ఎందుకు వెనక్కి పంపారు, తర్వాత ఏం మార్చావు' అని అడిగితే పని చేసినవారెవరో రెండు నిమిషాల్లో తేలుతుంది. గంటల లెక్క కూడా ముఖ్యమే. 60 గంటల ఫాసీ పనికి రెండు క్రెడిట్లు సరిపోతాయి. ఐదు గంటల సిమ్యులేషన్‌ను దానితో సమానం చేయడం కుదరదు, అలాంటివి పది చేసినా కుదరదు. ఇంటర్న్‌షిప్ జాబితాలో లేని ఇలాంటి పనులకు విభాగాధిపతి ముందస్తు అనుమతి రాతపూర్వకంగా ఉండడం అవసరం. అందులో పని ఏమిటి, ఎన్ని గంటలు, బయటి నుంచి చదివి దిద్దేవారెవరు అనే మూడు సంగతులుండాలి. రువైస్ విద్యార్థి ఆ కాగితాన్ని సెమిస్టర్ పరీక్షలకు ముందే, కాలేజీలో ఉండగానే తీసుకోవడం మంచిది, సెలవులిచ్చాక సంతకాల కోసం తిరగడానికి అతను ఊళ్లో ఉండడు.